యాభయ్యారు మోడలు కారులో రెండో చరణం

మేడిశెట్టి త్రిమూర్తులు కారుకి ఉన్నది పాల వ్యాను ఇంజను. బ్రేకులు జీపువి. వెనక లైట్లు ఒకప్పుడు ఎవరిదో స్కూటరుకి ఉండేవి. సీట్లకి కుట్టించిన మెరూన్ రంగు మఖమల్ గుడ్డ, కల్యాణమండపం వాళ్ళు సోఫాలు మార్చినప్పుడు మిగిలిపోయింది. పైన రేకు మాత్రం అసలుసిసలు యాభయ్యారో సంవత్సరం నాటిది. ఇన్ని అతుకులున్నా ప్రభుత్వం వీటిలో దేనికీ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరమల్లా పాటకే వచ్చింది.

త్రిమూర్తులుకి కాకినాడలో రైసుమిల్లు సామాన్ల కొట్టు ఉండేది. వయసు మీదపడ్డాక దాన్ని మేనల్లుడికి అప్పగించి, సామర్లకోటలో ఒకరి కొట్టాంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఈ కారు రేకును కొనుక్కొచ్చాడు. కోళ్ళు కూడా కారుతో వస్తాయా అని ఆయన భార్య రత్నమాణిక్యం అడిగింది. రావని తెలిశాక ఆవిడకి ఆ బేరం మీద ఆసక్తి పోయింది.

ఇదే కారు ఎందుకంటే దానికో కథ ఉంది. పెళ్ళికి ముందు మాణిక్యం రేడియోలో ఒక లలితగీతం పాడింది. "రేవు విడిచే ఓ పడవా, వెనుదిరిగి ఒకసారి చూడవా" అని పల్లవి. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఇద్దరూ ఉప్పాడ రోడ్డున సోడా తాగుతుంటే, పక్కన ఆగివున్న ఇదే కారులోంచి, అప్పుడది మిల్లు ఓనరుగారిది, అదే పాట వచ్చింది. త్రిమూర్తులు సోడా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పల్లవి అయింది, మొదటి చరణమూ అయింది. సరిగ్గా అప్పుడు డ్రైవరు వచ్చి అద్దాలెత్తి కారు పోనిచ్చాడు. కొత్త పెళ్ళికొడుకు ఒంటికాలి మీద లేచి, "ఇదే కారు కొంటాను, రెండో చరణం అందులోనే వింటాను, చూడు" అన్నాడు. "అయితే అప్పటిదాకా నేనూ పాడను" అంది మాణిక్యం. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులే. పిల్లలు పుట్టారు, వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, ఆ రెండో చరణం మాత్రం ఆ ఇంట్లో వినపడలేదు.

తీరా కారు తయారయ్యేసరికి మాణిక్యం అడ్డం తిరిగింది. "గొంతు బొంగురుపోయిందండీ. ఇప్పుడు పాడితే మీకు పడవ గుర్తుకురాదు, పాల వ్యానే గుర్తొస్తుంది" అంది.

త్రిమూర్తులు ఆవిడకి తెలియకుండా, పాత రేడియో రికార్డింగులు పోగుచేసే ఒకాయన దగ్గర ఆ పాట సంపాదించి పెన్‌డ్రైవులో వేయించుకున్నాడు. ఇంట్లో వినలేదు. కారులో వింటానన్నాడు కాబట్టి కారులోనే వినాలి. ఇక కావలసింది దాన్ని పాడించే పెట్టె ఒక్కటే.

ఆ పెట్టె కోసం కార్లకి మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే నూకరాజు కొట్టుకి వెళ్ళాడు. నూకరాజు కారు చుట్టూ తిరిగి, డిక్కీ ఎత్తి చూసి, కళ్ళు మూసుకుని ఆనందించాడు.

"బాబాయ్‌గారండీ, ఈ డిక్కీలో రెండు పెద్ద ఊఫర్లు పెడదావండి. బేస్ కొట్టారంటే ఎనకాలొచ్చే బండోడి గుండె అదరాలండి."

"వాడి గుండెతో మనకేం పనిరా? లలితగీతం అది."

"లలితగీతవైనా సరేనండి, అదరాల్సిందేనండి. డోర్లకి నాలుగు, డేష్‌బోర్డుకి రెండు, సీట్ల కింద..."

"నూకరాజూ, మీ పిన్ని గొంతు వినపడితే చాలు. భూకంపం అక్కర్లేదు."

నూకరాజు బాగా నిరుత్సాహపడ్డాడు గాని, కొట్టుకొచ్చిన బేరాన్ని వదులుకునే రకం కాదు. పైకి పాతకాలపు రేడియోలా కనిపిస్తూ, వెనక పెన్‌డ్రైవు పెట్టుకునే కొత్త సెట్టు ఒకటి తెచ్చి డేష్‌బోర్డులో బిగించాడు. త్రిమూర్తులు పెన్‌డ్రైవు జేబులో తడుముకున్నాడు. కారుకి అనుమతి రాగానే మాణిక్యాన్ని ఎక్కించుకుని ఉప్పాడ రోడ్డుకి వెళ్ళాలని ఆయన ఆశ.

అనుమతి ఎందుకంటే, పాత బండ్లన్నీ మార్చి నెలాఖరులోగా తుక్కుకి పోవాలని ఉత్తర్వు వచ్చింది. వారసత్వ వాహన పరిరక్షణ మండలి గుర్తింపు ఉన్నవి మాత్రం పోనక్కర్లేదు. ఆ మండలిలో రూపం, రంగు, ఇంజను, శబ్దం అని నాలుగు విభాగాలు. మొదటి మూడింటికి పోస్టులు మంజూరు కాలేదు. శబ్ద విభాగానికి మాత్రం ఒక ఉపసంచాలకుడు, ఒక బల్ల, ఒక బంట్రోతు, ఒక రబ్బరు ముద్ర వచ్చాయి. కాబట్టి రాష్ట్రంలో పాత కారు బతకాలా చావాలా అన్నది దాని శబ్దాన్ని బట్టే తేలాలి.

ఉపసంచాలకుడు తాటిపర్తి ఈశ్వరదత్తు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో నియమావళితో ఆఫీసు ముందు ఆపిన కారు దగ్గరికి వచ్చాడు. బానెట్ ఎత్తించి లోపలికి చూశాడు.

"ఈ యంత్రము ఈ వాహనమునకు చెందినది కాదనుకుంటాను."

త్రిమూర్తులు గుండెల్లో రాయి పడింది. "కాదండి. పాల వ్యానుదండి."

"సంతోషం. ఇంజను విభాగము ఏర్పడిన పిమ్మట వారు చూసుకుంటారు. అంతవరకు ఈ వాహనమునకు ఇంజను లేనట్లే పరిగణిస్తున్నాము." బానెట్ మూయించి డేష్‌బోర్డు దగ్గరికి వచ్చాడు. "ఈ సాధనము యొక్క జన్మ సంవత్సరం?"

"పోయిన దసరాకి వచ్చిన మోడలండి, కొత్తదండి!" అన్నాడు వెంటవచ్చిన నూకరాజు గర్వంగా.

ఈశ్వరదత్తు ముఖంలో బాధ కనిపించింది. నియమావళి తెరిచి నిలబడి చదివాడు. "ఏడవ నిబంధన. వారసత్వ వాహనమందు, సదరు వాహనము నిర్మితమైన సంవత్సరమునకు పిమ్మట పుట్టిన శబ్దమేదియు వినపడరాదు."

"మరి హారను లారీదండి" అన్నాడు త్రిమూర్తులు, దాచడం చేతకాక.

"హారను వెలుపల వినపడును. నిబంధన లోపలి శబ్దమునకే."

నూకరాజు సెట్టు ఊడదీశాడు. వెతికి వెతికి యాభై నాలుగో సంవత్సరం నాటి వాల్వు రేడియో ఒకటి పట్టుకొచ్చాడు. అది వేడెక్కి నోరు తెరవడానికి కాఫీ తాగి వచ్చేంత సేపు పట్టింది. ఈశ్వరదత్తు దాని వెనక ఉన్న తేదీ చూసి మొదటిసారి నవ్వాడు. ఇంతలో రేడియో గొంతు సవరించుకుని, రాష్ట్రంలో రాగల ఇరవైనాలుగు గంటల్లో ఒక మోస్తరు వర్షాలు పడతాయని చెప్పింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఈ వర్షం యాభయ్యారుకి ముందు పడినదా?"

"ఇంకా పడలేదండి. రేపు పడుతుందండి."

"పరిశీలించిన మీదట తేలినదేమనగా, సాధనము పాతది, శబ్దము కొత్తది. ఈ రేడియోను ఉంచుకొనవచ్చును. మీట తిప్పరాదు."

త్రిమూర్తులుకి తల తిరిగింది. అయినా ఆశ చావలేదు. ఏదో ఒకటి పెట్టి ముందు కారును తుక్కు నుంచి తప్పిస్తే, తర్వాత పెన్‌డ్రైవు సంగతి చూసుకోవచ్చనుకున్నాడు. ఒకరింటి అటక మీంచి గ్రామఫోను దింపించి, యాభయ్యారుకి ముందునాటి ప్లేట్లు సంపాదించి, ముందు సీట్ల మధ్య బిగించాడు. దాన్ని కారు నడుస్తుండగా తనిఖీ చేయాలన్నాడు ఈశ్వరదత్తు. ముల్లు ఎవరో ఒకరు పట్టుకోవాలి కాబట్టి మాణిక్యం కూడా ఎక్కింది.

మన రోడ్ల సంగతి అందరికీ తెలిసిందే. ప్రతి గోతికీ ముల్లు ఎగిరి వెనక్కి పడింది. ఒక భాగవతారు గారు అదే సంగతిని ఊరు దాటేదాకా వేసి వేసి, చివరికి సంగతి వదిలేసి ఎక్కిళ్ళు పెట్టాడు. మాణిక్యం నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

వెనక సీట్లోంచి ఈశ్వరదత్తు అన్నాడు. "ఈ క్రమములో ఈ కృతి యాభయ్యారుకి ముందు పాడబడలేదు. ఇది ఈ దినము ఈ వాహనములో పుట్టిన కొత్త కృతి. తిరస్కరించడమైనది."

"రోడ్డుదండీ తప్పు, పాటది కాదు" అన్నాడు త్రిమూర్తులు.

"రోడ్డు మా పరిధిలో లేదు."

అంతలో ఎదురుగా ఒక పెళ్ళి ఊరేగింపు వచ్చింది. ముందు డీజే బండి, వెనక ఊగిపోతున్న పెళ్ళివారు. ఆ మోత కారు అద్దాల్లోంచి లోపలికి దూకింది. కారు రేకు దడదడలాడింది. ఈశ్వరదత్తు చెవులు మూసుకోకుండా గడియారం చూసుకుని రాసుకున్నాడు.

"కాలానంతర శబ్దము వాహనములోనికి ప్రవేశించినది. దీనికి మీ సంజాయిషీ కావలెను."

"పెళ్ళి నాది కాదండి బాబూ!"

"పెళ్ళి ఎవరిదైనను వాహనము మీది."

మాణిక్యం గ్రామఫోను ముల్లు పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. ఆవిడ ఇంతసేపూ నవ్వుతూనే ఉంది గాని, మొగుడి మొహం చూసేసరికి ఆవిడకి కోపం వచ్చింది. మూడేళ్ళు ఎండలో నిలబడి ఆ రేకు గీకించుకున్న మనిషి అలా బిక్కమొహం వేయడం ఆవిడ చూడలేకపోయింది.

"ఆఫీసరుగారూ, మీరు పుట్టిందెప్పుడండీ?"

"డెబ్బై ఒకటి. ఎందుకు?"

"మరి బయల్దేరినకాణ్ణించీ ఈ కారులో మీ గొంతు వినపడుతోంది కదండీ."

ఈశ్వరదత్తు లంచం తీసుకునే మనిషి కాదు. తీసుకునే మనిషైతే ఈ కథ మొదటి పేజీలోనే అయిపోయేది. ఆయనకి నియమావళి మీద నిజమైన భక్తి. నోరు గట్టిగా మూసుకుని, కారు ఆపమని త్రిమూర్తులు భుజం మీద తట్టి, దిగి రోడ్డు మీద నిలబడి, అప్పుడు అన్నాడు. "నిజమే."

"నా పాటా మీరూ ఒక్క ఏడాదే పుట్టారండీ. ఇద్దరికీ ఈ కారులో చోటు లేదు" అంది మాణిక్యం.

మర్నాడు ఈశ్వరదత్తు తన పేర తానే మెమో జారీ చేసుకున్నాడు. తానే సమాధానం రాసుకున్నాడు. ఆ సమాధానం సంతృప్తికరంగా లేదని కాసేపు అనుకుని, మొదటి తప్పుగా భావించి, తనను మందలించి వదిలేశాడు. అప్పటినుంచీ కారులో ఉన్నంతసేపూ ఆయన మౌనవ్రతం. ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి కారు ఆపించి, దిగి, చెప్పి, మళ్ళీ ఎక్కి కూర్చునేవాడు. ఊళ్ళో జనం చూసి, పాపం ఆయనకి కారు ప్రయాణం పడదేమో, వాంతులేమో అనుకున్నారు.

మార్చి నెల చివరి వారంలోకి వచ్చింది. తుక్కు యార్డు వాళ్ళు ఒకసారి వచ్చి కారు పొడవు టేపుతో కొలుచుకుపోయారు. త్రిమూర్తులుకి తిండి సయించలేదు. ఆఖరికి మండలి ఆఫీసుకి వెళ్ళి చేతులు జోడించాడు.

"నాకు పాటా వద్దండి, ఏవీ వద్దండి. సంగీత సాధనం లేదని రాసేసుకోండి. కారొక్కటీ ఉంచండి చాలు."

పక్కనే ఉన్న మాణిక్యం తల తిప్పి ఆయన వైపు చూసింది. ఇంతకాలం పట్టిన పట్టు ఆయన వదిలేస్తుంటే ఆవిడకి సంతోషం కలగలేదు.

ఈశ్వరదత్తు ఆలోచించాడు. "లేదని రాసిన యెడల వాహనములో వినపడునది నిశ్శబ్దము. సదరు నిశ్శబ్దము ఏ సంవత్సరమునకు చెందినదో ధ్రువపత్రము కావలెను."

"నిశ్శబ్దానికి సంవత్సరం ఏవిటండీ?"

"ఆ సందేహము నాకును కలిగినది. పై కార్యాలయమునకు రాసితిని. జవాబు వచ్చుటకు జూన్ కావచ్చును."

జూన్ నాటికి కారు అప్పడమై ఉంటుంది. త్రిమూర్తులు లేవబోయాడు. మాణిక్యం ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఆఫీసరుగారూ, నేను పుట్టింది యాభై రెండులో. స్కూలు సర్టిఫికెట్ ఉంది. నా గొంతు పనికొస్తుందాండీ?"

ఈశ్వరదత్తు నియమావళి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాడు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది. సాధనము లోహముతో చేయబడవలెనని ఎక్కడా లేదు. ఊపిరి పీల్చరాదని లేదు. "వాహనముకన్న నాలుగేండ్లు పాతది. నిబంధనకు ఇంతకన్న అనుగుణమైన సాధనము ఈ కార్యాలయమునకు ఇంతవరకు రాలేదు" అన్నాడు.

"గొంతు బాగాలేదన్నావుగా" అన్నాడు త్రిమూర్తులు చిన్నగా.

"పాతవన్నీ బాగుచేయించడం మీకు సరదా కదా. ఇదీ చూద్దాం" అంది మాణిక్యం.

సాయంత్రం ఉప్పాడ రోడ్డున తనిఖీ. త్రిమూర్తులు డ్రైవరు సీట్లో, మాణిక్యం ఆయన పక్కన, మౌనంగా ఈశ్వరదత్తు వెనక. కాలానంతర గాలి లోపలికి రాకుండా అద్దాలెత్తారు. పాట కూడా యాభయ్యారుకి ముందుదే అయివుండాలి కాబట్టి, మాణిక్యం వాళ్ళ నాయనమ్మ వడ్లు దంచుతూ పాడే పాట ఎత్తుకుంది. మొదట గొంతు గీరుకుంది. రెండు ముక్కలు పాడి దగ్గింది. త్రిమూర్తులు ముందున్న రోడ్డు వంక చూస్తూ, స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి గొంతు దారిలో పడింది. రేకు అతుకులూ పాల వ్యాను చప్పుడూ దానికి తాళం వేశాయి. వెనక సీట్లో ఈశ్వరదత్తు తల తనకి తెలియకుండానే ఊగింది.

ఆయన భుజం తట్టాడు. కారు ఆగిన చోట ఒక కూల్‌డ్రింకు కొట్టుంది. ఒకప్పుడు సోడా కొట్టు ఉన్నది అక్కడే. త్రిమూర్తులు దాన్ని గుర్తుపట్టాడు. మాణిక్యం కూడా గుర్తుపట్టింది.

ఈశ్వరదత్తు దిగి, చొక్కా సర్దుకుని, మాణిక్యం వైపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అద్దం దించింది.

"ఇందుమూలముగా శ్రీమతి రత్నమాణిక్యమును ఈ వాహనము యొక్క సంగీత సాధనముగా గుర్తించడమైనది. షరతులు వినండి. సాధనమును వాహనమునుండి విడదీయరాదు."

"రాత్రికి వంటెవరు చేస్తారండీ?"

"వాహనములో చేయవచ్చును. సాధనమునకు మరమ్మతులు చేయరాదు. దగ్గు మందు వాడదలచినచో ముందుగా దరఖాస్తు చేయవలెను. సాధనము యొక్క శబ్దము వాహనము వెలుపల వినపడరాదు. ఇక ముద్ర." సంచిలోంచి ఎర్ర కాగితం ముద్ర తీశాడు. "సాధనములో కదలని భాగమునకు అంటించవలెను."

"నాలో కదలని భాగం ఏదుందండీ?"

"దాని మాటండి. ఒకసారి అన్నదంటే కదలదండి" అన్నాడు త్రిమూర్తులు ఇటునుంచి.

ఈశ్వరదత్తు దానికి వీలుపడదని, ఆవిడ కళ్ళజోడు డబ్బాకి ముద్ర అంటించాడు. ముందు అద్దం మీద గుర్తింపు కాగితం తానే స్వయంగా అతికించి, అంచులు బొటనవేలితో నొక్కాడు. కారు ఇక తుక్కుకి పోదు. త్రిమూర్తులు కళ్ళు చెమర్చాయి. ఆయన జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, ఒకసారి చూసి, సామాన్ల అరలో పడేశాడు.

"అదేంటి?" అంది మాణిక్యం.

"నీ పాటే. దాచిపెట్టాను. వినలేదు."

మాణిక్యం ఆయన్ని కాసేపు చూసింది. ఈశ్వరదత్తు వెనక తలుపు తెరవడానికి అటు నడుస్తున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి చాపి, తలుపు గడియ నొక్కింది. తన వైపు అద్దం సగం ఎత్తింది.

"పోనివ్వండి."

"ఆయనింకా ఎక్కలేదే!"

"ఆయన పుట్టింది డెబ్బై ఒకటిలో. పోనివ్వండి."

త్రిమూర్తులు జీవితంలో నిబంధన దాటినవాడు కాదు. క్లచ్ వదిలాడు. కారు నత్తనడకన కదిలింది. "రేవు విడిచే ఓ పడవా" అని ఎత్తుకుంది మాణిక్యం. అద్దంలో వెనక్కి చూస్తే ఈశ్వరదత్తు రోడ్డు మీద నియమావళి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పరిగెత్తలేదు, పిలవలేదు. మెడ చాచి వింటున్నాడు. కొట్టతను చేతికిచ్చిన సోడా తాగడం కూడా మరిచిపోయాడు. పల్లవి అయి మొదటి చరణం ముగిసేసరికి ఆవిడ మిగతా సగం అద్దమూ ఎత్తేసింది.

మలుపు దాటాక త్రిమూర్తులు రోడ్డు పక్కన ఆపి, లెక్కలో లేని ఆ ఇంజను కట్టేశాడు. మాణిక్యం రెండో చరణం పాడింది. అదేమిటో ఇక్కడ చెప్పడానికి వీల్లేదు, సాధనము శబ్దము వాహనము వెలుపల వినపడరాదని షరతు ఉంది. త్రిమూర్తులు స్టీరింగు మీద తల ఆనించుకుని పసివాడిలా ఏడ్చాడన్నది మాత్రం చెప్పవచ్చు. దానికి అప్పటికింకా నిబంధన రాలేదు.

ఈశ్వరదత్తు షేర్ ఆటోలో ఊళ్ళోకి వచ్చి ఆ పూటే నివేదిక రాశాడు. ఆ పాట ఏ సంవత్సరానిదో అందులో రాయలేదు. ఆయన రాసింది ఇంతే: "సంగీత సాధనము సంతృప్తికరముగా పనిచేయుచున్నది. మొదటి చరణము వరకు స్పష్టముగా వినపడినది. రెండవ చరణము నిమిత్తము మరొకమారు తనిఖీకి అనుమతి కోరడమైనది."